అవ్వ చదవని కాగితం

మా ముత్తాత పెనుకొండ చుట్టుపక్కల ఏడు గ్రామాలకు కరణం. ఆయన రాసిన దస్తావేజును తాలూకా కచేరీలో రెండోసారి చదివేవారు కాదనీ, కింద చేవ్రాలు చూసి ముద్ర వేసేసేవారనీ మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత ఆ కరణీకం తమ్ముడికి వదిలేసి హిందూపురం వచ్చి, బజారు వీధిలో రాతి మెట్లున్న ఇల్లు కొని, అందులో అచ్చాఫీసు పెట్టాడు. మా నాయన కాలానికి మడకశిర నుంచి ధర్మవరం దాకా కాస్త పరువున్న ఇంట్లో పెళ్లి జరిగితే శుభలేఖ మా అచ్చాఫీసులోనే పడేది. పట్టుచీరల పెట్టెల మీద అంటించే చీటీలు, దేవస్థానాల కరపత్రాలు, సరిహద్దు ఊళ్లవాళ్ల కోసం ఒక పక్క తెలుగు, ఒక పక్క కన్నడం ఉన్న కాగితాలు, అన్నీ మా దగ్గరే. మా నాయన పొద్దున బజారులో నడిచిపోతుంటే అంగళ్లవాళ్లు లేచి నిలబడేవారు. నేను ఆ ఇంటివాడిని. గొప్పకు చెప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, ఆ గొప్ప ఉండేది కాబట్టే ఈ కథ చెప్పవలసి వచ్చింది.

పోయిన నెల పెనుకొండలో ఒక కళాశాలవారు వెతుక్కుంటూ వచ్చారు. డిజైనింగ్ కోర్సు కొత్తగా మొదలుపెట్టారట, పాత అచ్చాఫీసు కుటుంబంలో మిగిలిన పెద్దవాణ్ని కాబట్టి పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలట. ఎవరో ఇంకా గుర్తు పెట్టుకున్నారు గదా అని, ఇస్త్రీ పంచె కట్టుకుని, బస్సెక్కి పోయాను. వేదిక వెనకాల గోడంతా కప్పేసిన ఫ్లెక్సీ. నాలుగు వరుసల తెలుగు, అందులో మూడు తప్పులు. అక్షరాలకు నీడలు, నీడలకు రంగులు, రంగుల మీద మెరుపులు, అన్నీ ఉన్నాయి. ఉండవలసిన దీర్ఘం లేదు, ఒక వత్తు పక్క అక్షరం కింద వేలాడుతోంది. సరే, ఊళ్లో అన్ని చోట్లా ఉన్న దరిద్రమే గదా అని మింగుకున్నాను. చివర్లో శాలువా కప్పి చేతిలో గాజు జ్ఞాపిక పెట్టారు. నేను దేన్నైనా చదవకుండా తీసుకునే మనిషిని కాను. నిలబడే చదివాను. మా ముత్తాత ఊరి పేరు, మా తాత వృత్తి, నా పేరు, మూడూ తప్పులే. తిరిగి బల్ల మీద పెట్టేశాను.

దాన్ని తయారు చేసినవాడు ఆ పిల్లలకు పాఠం చెప్పే మనిషేనట. నల్ల చొక్కా వేసుకున్న యువకుడు, చాలా మర్యాదగా నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

"సార్, అది లుక్ కోసం చేసింది సార్. నిలబెట్టి ఎవరు చదువుతారు?"

ఆ మాట నేను వినడం అది మొదటిసారి కాదు. నలభై ఏళ్ల పైచిలుకు కింద, మా అచ్చాఫీసులో, మా నాయన బల్ల ముందు, ఇంచుమించు అవే మాటలు ఇంకొకడి నోట విన్నాను. అప్పుడు తల దించుకున్నాను. ఈసారి దించుకోదలుచుకోలేదు. శాలువా కూడా మడిచి జ్ఞాపిక పక్కన పెట్టి, చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పకుండానే మెట్లు దిగి వచ్చేశాను. ఆ నాలుగు మాటలూ ఇక్కడ చెబుతాను. నా ఈడువాళ్లు చదివితే చాలు, తక్కినవాళ్లు ఎలాగూ చదవరు.

మా అచ్చాఫీసులో ఒక కట్టు ఉండేది. మా తాత పెట్టిందే. దాన్ని ఎదురు చదువు అనేవారు. అచ్చుకు పోయే ముందు నమూనా కాగితం ఒకటి తీస్తారు గదా, దాన్ని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చదవాలి. ఒకరి చేతిలో మూలప్రతి, ఇంకొకరి చేతిలో నమూనా. మూలం పట్టుకున్నవాళ్లు మామూలుగా చదవకూడదు, ఏ అక్షరానికి గుణింతం ఏదో, వత్తు ఏదో, చుక్క ఎక్కడో, విడగొట్టి పైకి చెప్పాలి. రాసినవాడు తన రాతను తాను చదవకూడదు, అచ్చులు పేర్చినవాడు తాను పేర్చింది తాను చదవకూడదు. చదవడం అయ్యాక నమూనా వెనకాల సంతకం పెట్టాలి. సంతకం లేని కాగితం, అది బస్సు టిక్కెట్టంత చీటీ అయినా సరే, మా గడప దాటడానికి లేదు.

నమూనా పట్టుకుని చదివేది మా అవ్వ, మా నాయన తల్లి. ఆమె పుట్టింది మడకశిర వైపు, చిన్నప్పుడు బడికి పోయిందీ కన్నడంలోనే. తెలుగు అక్షరాలు పెళ్లయి వచ్చాక అచ్చాఫీసులో పారేసిన కాగితాల మీద నేర్చుకుంది. ఇది లోటు అని నేను చాలాకాలం అనుకున్నాను గానీ, ఆమె కన్ను అంత పదునుగా ఉండడానికి కారణమే అది. పుట్టినప్పటి నుంచీ వచ్చిన భాషను మన కన్ను మింగేస్తుంది, లేని దీర్ఘాన్ని కూడా ఉన్నట్టే చదివేసుకుంటుంది. అవ్వ మింగేది కాదు. కన్నడ అక్షరమూ తెలుగు అక్షరమూ అక్కచెల్లెళ్ల మాదిరి ఉంటాయి గదా, ఎక్కడ తేడా ఉందో చూసి చూసి, ప్రతి అక్షరాన్నీ అనుమానించడం ఆమెకు అలవాటైపోయింది. శుభలేఖ అట్టముక్క ఒకటి తీసుకుని, మధ్యలో ఒక్క అక్షరం పట్టేంత కిటికీ కత్తిరించుకుని ఉండేది. ఆ చిల్లు అట్టను కాగితం మీద జరుపుకుంటూ పోయేది. ఒక్కో అక్షరం కిటికీలో నిలబడి పేరు చెప్పుకుని పోవాలి. ఆమె ఎదుట మూలప్రతి పట్టుకుని కూర్చునే పని నాకు ఇంటర్ ఫెయిలయిన ఏడాది నుంచి వచ్చింది. సంతకం పెట్టే పనీ నాదే, అవ్వకు సంతకం పెట్టడం ఇష్టం ఉండేది కాదు.

మాకు అచ్చులు పేర్చే కంపోజిటరు ఒకాయన ఉండేవాడు, సాయిబు, నేను మామా అని పిలిచేవాణ్ని. తెలుగు సీసపు అక్షరాల గళ్ల పెట్టెలు తూర్పు గోడకు, కన్నడం గళ్ల పెట్టెలు పడమటి గోడకు. పని అయ్యాక సీసపు అక్షరాలను విడగొట్టి ఎవరి గదుల్లోకి వాళ్లను పంపినట్టు వేసేవాడు, ఒక్క కన్నడ అక్షరం తెలుగు గడిలో పడిందంటే అది రేపు ఏ పెళ్లికూతురి పేరులోకో వచ్చి కూర్చుంటుందని. మధ్యాహ్నం నమాజుకు పోయే ముందు చేతుల సిరా కడుక్కుంటూ గోడలు రెండూ ఒకసారి చూసుకునేవాడు. ఇంతమంది ఇంత భయంతో పని చేసేవాళ్లం. అక్షరం తప్పు పోతే దేవుడు శిక్షిస్తాడని కాదు. మన దగ్గరికి వచ్చినవాడు తన తల్లి పేరో తండ్రి పేరో మన చేతిలో పెట్టాడు గదా, దాన్ని చెడగొట్టి తిరిగి ఇవ్వకూడదని.

అలాంటి ఇంటికి మా నాయన ఒక ఆర్టిస్టును తీసుకొచ్చాడు.

అతడు అంతకు ముందు సినిమా హాళ్లకు బోర్డులు రాసేవాడు. చేయి గొప్పదే, నేను కాదనను. కుంచె ఎత్తకుండా ఒక అక్షరాన్ని మొదలుపెట్టి ముగించేవాడు, లావూ సన్నమూ గీత లోపలే శ్వాస తీసుకున్నట్టు వచ్చేవి. సీసపు అక్షరాలు పాతబడ్డాయనీ, పట్టుచీరల వాళ్లు కొత్త సొగసు అడుగుతున్నారనీ మా నాయన అతన్ని పిలిపించి వీధి పక్క గది ఇచ్చాడు. కళాకారుడంటే మా నాయనకు మర్యాద జాస్తి. భోజనం లోపలి నుంచి పళ్లెంలో పోయేది. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, అతని వెనకాలే తిరిగేవాణ్ని. అతడు చదువు, వ్యాకరణం అన్నవి గుమాస్తాల పని అనేవాడు. గీసేవాడికి కన్ను చాలు, తప్పొప్పులు చూడడానికి జీతగాళ్లు ఉంటారు అనేవాడు. అది విని నాకు కోపం రాలేదు, సంతోషమేసింది. అవ్వ ఎదుట కూర్చుని కకు కొమ్ము, గకు దీర్ఘం అని గొణిగే నా పనిని నేనే చిన్నచూపు చూడడం మొదలుపెట్టాను.

ధర్మవరంలో మాకు పాత వాడుక ఇల్లు ఒకటి ఉండేది. మగ్గాల ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన పాటించే ఆచారం ఒకటి, తరాల నాటిది. ఆడపిల్ల పెళ్లికి తండ్రే స్వయంగా చీర నేయాలి, కొంగు మొదట్లో అంచు నుంచి అంచుకు ఒక వరుస అక్షరాలు జరీతో రావాలి. ఆ వరుసలో పిల్ల నాయనమ్మ పేరు, ఆ తల్లి దీవించినట్టు ప్రతి పెళ్లికీ కొత్తగా ఒక మాట. ఆ అక్షరాలు వాళ్లకు మా అచ్చాఫీసు నుంచే పోవాలి. పెద్దాయన పెన్సిలుతో రాసి పంపిస్తే, మేము పెద్ద అక్షరాల్లో చక్కగా దించి ఇస్తే, దాన్ని చూసి వాళ్లు గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటారు, ఆ గళ్లను బట్టి మగ్గం మీద తిరిగే అట్టలకు చిల్లులు కొట్టిస్తారు, ఆ చిల్లులను బట్టి జరీ లేస్తుంది. అంటే మేము ఇచ్చిన కాగితంలో ఏది ఉంటే అది పట్టులోకి పోతుంది. వాళ్లు మళ్లీ చూసుకునే అలవాటు లేదు. మా తాత నాటి నుంచీ మా సంతకం వెనకాల ఉంటే చాలు వాళ్లకు.

ఆయన ఆఖరి కూతురి పెళ్లికి కాగితం వచ్చింది. మా నాయన దాన్ని కంపోజిటరుకు ఇవ్వలేదు, ఆర్టిస్టుకు ఇచ్చాడు. అతడు మందపు కాగితం మీద నల్ల సిరాతో మధ్యాహ్నమంతా కూర్చుని దించాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఒక సున్నా అంచు నింపమని కుంచె నా చేతికి ఇచ్చాడు, ఆ ఒక్క గీతకు నేను ఉప్పొంగిపోయాను. కాగితం ఆరాక నేను అలవాటు కొద్దీ అవ్వను పిలవబోతే అతడు నవ్వాడు. బొమ్మను ఎవరైనా చదువుతారా, ఇది నీకు కరపత్రం మాదిరి కనిపిస్తాందా అన్నాడు. మా నాయన తలుపు దగ్గరే ఉన్నాడు. కళాకారుడి పనిని ముసలామె చేత పరీక్ష చేయించడం మర్యాద కాదని అనుకున్నాడో ఏమో, సంతకం పెట్టి పంపించెయ్యమని నాకు చెప్పి లోపలికి పోయాడు. కంపోజిటరు మామ పడమటి గోడ దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"అవ్వ చదవకుండా ఈ గడప దాటిన కాగితం నేను చూడలేదబ్బా," అన్నాడు.

నేను ఆయన వైపు చూడకుండా కాగితం తిప్పి సంతకం పెట్టాను. మూలప్రతి పక్కనే ఉంది, చేయి చాపితే అందేంత దూరంలో. దాన్ని ఎత్తలేదు. ఆ పూట బస్సులో కాగితం ధర్మవరం పోయింది.

నెల దాటిందేమో, ఒక పొద్దున పాసింజరు రైలు దిగి పెద్దాయన నేరుగా మా మెట్లెక్కాడు. కూర్చోమంటే కూర్చోలేదు, కాఫీ ఇస్తే వద్దన్నాడు. చేతిసంచిలోంచి మా కాగితం తీసి, అక్షరాలున్న వైపు కిందికి తిప్పి, సంతకం పైకి ఉండేటట్టు మా నాయన బల్ల మీద పరిచాడు. మా నాయన, ఆర్టిస్టు, నేను, ముగ్గురం అక్కడే ఉన్నాం.

"ఈడ సంతకం ఎవరిదప్పా?"

"నాది పెద్దాయనా," అన్నాను.

"చదివే పెట్టినావా?"

అబద్ధం చెప్పవచ్చు. మా ఇంట్లో ఎన్నో పోయాయి గానీ అబద్ధం మాత్రం అప్పటికి రాలేదు.

"లేదు."

ఆయన తల ఊపాడు, అంతే. తరువాత జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వాళ్ల మగ్గం మీద చీర బోర్లా పడుతుందట, నేసేవాడికి కనబడేది వెనకపక్క. ముందుపక్క ఎలా వస్తున్నదో చూసుకోవడానికి కింద అద్దం పెట్టుకుంటారు. చీర ఒళ్లంతా నేయడం అయ్యి, కొంగు మొదలై, అక్షరాలు రెండు వేళ్ల వెడల్పు పడ్డాయి. పెళ్లికూతురు తండ్రికి మజ్జిగ ఇవ్వడానికి వచ్చి, తన చీర గదా అని వంగి అద్దంలోకి చూసింది. ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది, అద్దంలో తిరగబడి కనిపించే అక్షరాలు చదవడం మగ్గాల ఇంట్లో అలవాటే. నాయనా, మా అవ్వ పేరు ఇది కాదు గదా అన్నదట. ఒక మాటే విడిచిపోయిందట. ఇంకో చోట వత్తు పోయి వేరే అక్షరానికి తగులుకుందట.

మా నాయన ముఖం నల్లబడింది. ఆర్టిస్టు మాత్రం చెక్కు చెదరలేదు. కాగితం ఇవతలికి తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

"ఈ వత్తు ఆడ పెడితే వరుస ఒక పక్కకు ఒరిగినట్టు ఉండె పెద్దాయనా, అందుకని ఈడికి జరిపినా. ఆ మాట కూడా అంచు దాటిపోతాందని తీసేసినా. ఇంత అందమైన అక్షరాలు మీ మగ్గం మీద ఎప్పుడన్నా పడినాయా? కట్టుకున్నాక కొంగు యాడుంటాదో, అక్షరం యాడుంటాదో. నిలబెట్టి ఎవరు చదువుతారప్పా?"

"నా కూతురు చదివింది," అన్నాడు పెద్దాయన.

కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషను మీద నుంచి కంపోజిటరు మామ కాలు తీసేశాడు. మా నాయన గంటలో కొత్త కాగితం రాయించి ఇస్తానన్నాడు. తప్పయిందని ఆయన నోటి నుంచి రాలేదు. వచ్చే నోరు కాదు అది, మా వంశంలో ఎవరికీ లేదు. పెద్దాయన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"మీ కాగితం నాకొద్దప్పా. మీ అమ్మను ఒకతూరి పిలువు."

అవ్వ వెనకింటి నుంచి వచ్చింది. విన్నది. లోపలికి పోయి చిల్లు అట్టా, కళ్లద్దాలూ, మా దగ్గరే ఉండిపోయిన మూలప్రతీ కొంగున ముడేసుకుని వచ్చి, రైలు ఎన్నింటికి అని పెద్దాయనను అడిగింది. అంతకు ముందు ఆమె మా తాత లేకుండా రైలెక్కి ఎరుగదు. నేను వెనకాల నడిచాను, నన్ను రమ్మనలేదు, వద్దనలేదు.

ఆ మగ్గాల ఇల్లు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మగ్గం, పైన కుట్టిన అట్టల దండ, కింద అద్దం. పెళ్లికూతురు అద్దం పట్టుకుంటే అవ్వ నేల మీద బోర్లా పడుకుని, అద్దం మీద తన చిల్లు అట్ట పెట్టి, అక్షరం అక్షరం జరుపుతూ చదివింది. తప్పుడు పేరునే మొదట మొత్తం చదివింది, ఏది ఎక్కడ పోయిందో తెలియాలి గదా. తరువాత గోడకు ఆనుకుని కూర్చుని, పెద్దాయన పెన్సిలుతో రాసిన మూలప్రతి నా చేతికి ఇచ్చింది. చదవమన్నది. నేను విడగొట్టి చెబుతుంటే పెళ్లికూతురు గళ్ల కాగితం మీద నింపింది, అవ్వ కిటికీ జరుపుతూ సరిచూసింది. మూడుసార్లు. మూడోసారి ఒక అక్షరం తడబడి చెప్పాను, అవ్వ ఆగి, ఆ అక్షరం మళ్లీ చెప్పమన్నది. చెప్పాను.

కాగితం సరిగా వచ్చింది. కానీ అట్టలు కొట్టే మనిషి దగ్గర ఇంకెవరివో పనులు వరుసలో ఉన్నాయి, పెళ్లికి పన్నెండు రోజులు. కొత్త అట్టలు కొట్టించి, కుట్టించి, నేయడానికి పొద్దు చాలదు. ఆ సంగతి పెద్దాయనకు హిందూపురం రాకముందే తెలుసు. పడిన జరీని ఒక్కో పోగూ పీకేసి, అక్షరాలు లేకుండా ఉత్త కొంగు నేసేయాలని అప్పటికే అనుకుని ఉన్నాడు. మరి ఇదంతా ఎందుకు చేయించావు నాయనా అని అవ్వ అడిగింది.

"చీరలో పడకపోయినా కాగితంలోనన్నా మా అమ్మ పేరు సరిగ్గా ఉండల్ల గదమ్మా," అన్నాడు.

ఆ ఇంట్లో అక్షరాలు లేని చీరతో పెళ్లి పీటల మీద కూర్చున్న మొదటి ఆడపిల్ల ఆమె. అప్పటికి వాళ్ల ఇంట్లో నాలుగు తరాలుగా నడిచిన ఆచారం అది. మళ్లీ మొదలుపెట్టారో లేదో నాకు తెలియదు, అడిగే ముఖం నాకు లేదు.

తిరుగు రైల్లో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. పెనుకొండ కొండ పక్కకు జరిగిపోయాక, ముడి విప్పి చిల్లు అట్ట నా చేతిలో పెట్టింది.

"రేపటి నుంచి నేను చదవనబ్బా. నేను చదివినానో లేదో చూడకుండానే మీ సంతకం పోతాంది గదా. ఇంక నేనెందుకు?"

అన్నట్టే చేసింది. చనిపోయేదాకా అచ్చాఫీసు గదిలోకి అడుగు పెట్టలేదు. మా నాయన తల్లిని పోయి పిలవాలి, పిలవలేదు. అవ్వ ఒక మెట్టు దిగాలి, దిగలేదు. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాలి, నాకూ అదే రక్తం గదా, బతిమాలలేదు. ఆర్టిస్టును ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అది మర్యాద కాదు మరి. నేను ఒక్కణ్నే మూలమూ నమూనా రెండూ ముందేసుకుని, చిల్లు అట్ట జరుపుతూ చదివేవాణ్ని. ఎదుట మనిషి లేని చదువు ఎదురు చదువు ఎట్లా అవుతుంది? మింగకూడని చోటల్లా నా కన్ను మింగింది. పెద్దాయన బయట ఎక్కడా మా మీద ఒక్క మాట అనలేదని తెలుసు, కానీ ధర్మవరం చీటీలు ఒక ఇంటి తరువాత ఒక ఇల్లు వేరే చోటికి పోయాయి. ఆర్టిస్టు అంతకు ముందే బెంగుళూరు పోయి పెద్ద పెద్ద హోర్డింగులు గీసి బాగా గడించాడని విన్నాను. మా నాయన పోయాక నేను పెనుకొండలో రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాసి బతికాను. మా ముత్తాత సంతకం చూసి ముద్ర వేసేసిన ఊళ్లో నేను చాపేసుకుని కూర్చున్నాను. ఎవరి ముందూ చేయి చాపలేదు, ఒక్క పేరు తప్పు రాయలేదు.

అందుకని, మాది సృజన, వ్యాకరణం మా పని కాదు అనే కొత్త కళాకారుల మీద నాకు జాలి లేదు. పెనుకొండ పక్కన ఎర్రమంచి వైపు పోయి చూడండి. కొరియావాళ్ల కారు ఫ్యాక్టరీ వచ్చాక హోటళ్ల ముందు కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. ఆ అక్షరాలను మాత్రం ఎవరో కొరియా మనిషికి చూపించి, దిద్దించి, మరీ రాయిస్తారట. కింద తెలుగు ఇష్టం వచ్చినట్టు ఉంటుంది. అంటే చేతకాక కాదు. తప్పు పోతే నవ్వే మనిషి అటు ఉన్నాడని భయం, ఇటు ఎవరూ లేరని ధీమా. అక్షరం తన పని కాదనుకునే డిజైనరు, మాట తన పని కాదనుకునే ప్రకటనల రచయిత, ఎదుటివాడి తల్లి పేరును గోడకు పూసే రంగు మాదిరి చూస్తాడు. వాడు గీసింది ఎంత అందంగా ఉన్నా నాకు అక్కర్లేదు. ఒకప్పుడు ఆ అందానికి పడిపోయి సంతకం పెట్టినవాణ్ని, నాకు తెలుసు. ఇప్పుడు ఫోనే తప్పులు దిద్దుతుందట, దిద్దనీ. మూలప్రతి పట్టుకుని మన ఎదుట కూర్చునే మనిషి ఒకరు ఉండేవారు, మనం తప్పు చదివితే ఆగి, మళ్లీ చెప్పమనేవారు. ఆ మనిషి పోయాడు. మారింది అదొక్కటే అనిపిస్తుంది నాకు.

కళాశాల సంగతిలో ఒక ముక్క మిగిలిపోయింది. నేను మెట్లు దిగి గేటు దాకా వచ్చేసరికి వెనకనుంచి ఒక విద్యార్థిని పరుగున వచ్చింది. చేతిలో నేను వదిలేసి వచ్చిన ఆ గాజు జ్ఞాపిక, పెన్ను, నోటుపుస్తకం.

"తాతా, తప్పులు యాడుండాయో చెప్పి పోండి. రాసుకుంటా," అన్నది.

నేను ఇంకా కోపంలోనే ఉన్నాను. మీ సారును అడుగు అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను. సీట్లో కూర్చుని వెనక్కి చూస్తే ఆ పిల్ల జ్ఞాపికను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరమూ తనంతట తానే చదువుకుంటోంది. ఎదుట ఎవరూ లేరు. అవమానం జరిగిన రోజు కూడా అవ్వ రైలెక్కి పోయి, నేల మీద బోర్లా పడుకుని, మూడుసార్లు చదివి వచ్చింది. నేను ఒక్కసారి బస్సు దిగలేకపోయాను. మరుసటి వారం కళాశాలకు పోయి వాకబు చేద్దామనుకున్నాను, ఆ పిల్ల పేరు కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మా అచ్చాఫీసు ఇంటిని నాయన పోయిన రెండో ఏడు అమ్మాం. ట్రెడిల్ మిషను, కాగితాలు కోసే మిషను అంతకు ముందే పోయాయి. ఆఖరున తూర్పు గోడవీ పడమటి గోడవీ సీసపు అక్షరాలు, తెలుగూ కన్నడమూ కలిపి ఒకే గోతాముల్లో పోసి, పాతసామాన్ల అంగడికి తూకానికి అమ్మేశాం.